తాతాజీకి కోపం ఎందుకు రాలేదు

కంపెనీ అబ్బాయి చల్లటి కూల్‌డ్రింకు సీసా చేతికిస్తే అచ్చాయమ్మ పుచ్చుకుంది గానీ మూత తియ్యలేదు. పక్కనున్న కిటికీ గట్టు మీద పెట్టేసింది. ఇచ్చిన ఆకుపచ్చ టోపీని మడిచి దాని పక్కన పెట్టింది. పొన్నలంక మత్స్యకారుల సొసైటీ గదిలో ఆ మధ్యాహ్నం మిగతా అందరి తలల మీదా టోపీలున్నాయి. సొసైటీ ప్రెసిడెంటు గంగరాజు అయితే అద్దం ఉంటే బాగుండునన్నట్టు దాన్ని రెండుసార్లు సర్దుకున్నాడు. అతను అచ్చాయమ్మకి స్వయానా మరిది.

కంపెనీ అబ్బాయి పేరు ఫణికిరణ్. ఏలూరులో ఆఫీసు తీశారట. మనిషి నెమ్మదస్తుడు, పెద్దవాళ్ళందరినీ అమ్మా, బాబాయ్ గారూ అని పిలుస్తున్నాడు. చేపపిల్లలు కంపెనీయే ఇస్తుందన్నాడు. మేత కంపెనీయే ఇస్తుంది, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు అద్దెకిస్తుంది, చేపల పట్టుబడి రోజున లారీ గట్టు మీదకే వస్తుంది, తూకం మిషన్ మీద, రేటు ఫోన్‌లో, డబ్బు నేరుగా బ్యాంకులో అన్నాడు.

"మీకూ కలకత్తా పక్కన హౌరా చేపల మార్కెట్టుకీ మధ్యలో నలుగురు ఉన్నారండి. ఆ నలుగుర్నీ మేం తీసేస్తాం. ఆ మిగిలింది మీకు కొంత, మాకు కొంత. అంతేనండి," అన్నాడు.

అచ్చాయమ్మ వెనక వరసలోంచి లేచింది.

"ఆ నలుగురూ ఊరుకుంటారా అండీ?"

గదిలో నవ్వులు లేచాయి. గంగరాజు వెనక్కి తిరిగి, "వదినా, నువ్వు కాసేపు కూర్చో," అన్నాడు. ఫణికిరణ్ మాత్రం నవ్వలేదు. "ఊరుకోక ఏం చేస్తారండి? వ్యాపారం అన్నాక పోటీ ఉంటుంది గదండీ," అన్నాడు మర్యాదగా.

ఆ జవాబు ఆమెకి నచ్చలేదు. అబద్ధంలా అనిపించి కాదు. ఈ కుర్రాడికి కొల్లేరు తెలియదు అనిపించింది.

అచ్చాయమ్మకి అనుమానం ఎక్కువని ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. పుట్టుకతో వచ్చింది కాదది. కాపరానికి వచ్చిన కొత్తల్లో ఆమె ఎవరేం చెప్పినా తలాడించే మనిషే. ఆ రోజుల్లో బయటి ఊరి నుంచి ఒక ఆసామి వచ్చాడు. సొసైటీ పేరు మీద చెరువు తవ్విస్తాను, పెట్టుబడంతా నాది, మీరు పేర్లు ఇస్తే చాలు, కౌలు ఇంటికి తెచ్చి ఇస్తాను అన్నాడు. ఆమె మొగుడు జగ్గారావుని అన్నయ్యా అని పిలిచేవాడు. ఇంటికొస్తే పీట మీద కాదు, నేల మీదే కూర్చునేవాడు. అంతటి మనిషి మన నేల మీద కూర్చున్నాడని జగ్గారావు పొంగిపోయి వేలిముద్ర వేశాడు. కొన్నేళ్ళు కౌలు వచ్చింది కూడా. ఆ తరవాత కొల్లేరు సరస్సు హద్దుల్లో ఉన్న చెరువులన్నీ అక్రమమని ప్రభుత్వం గట్లు పేల్చి తెగ్గొట్టించిన ఏడు, ఆ ఆసామి రాత్రికి రాత్రి చేపలు పట్టించుకుని మాయమయ్యాడు. కాగితాల్లో ఆక్రమణదారు జగ్గారావు. కేసు జగ్గారావు మీద. వాయిదాలకి ఏలూరు కోర్టు మెట్లెక్కీ దిగీ మనిషి సగమైపోయాడు. కేసు కొట్టేసే నాటికి అతను లేడు.

అప్పటినుంచీ ఎవరైనా ప్రేమగా మాట్లాడితే అచ్చాయమ్మ వాళ్ళ మొహం చూడడం మానేసి చేతులు చూడడం మొదలెట్టింది.

గట్లు తెగినా కొల్లేరులో చేప ఆగలేదు. తెగిన గట్లు మెల్లిగా మళ్ళీ లేచాయి. పొన్నలంక సొసైటీకి ఒక పెద్ద చెరువు, ఆడవాళ్ళ గ్రూపుకి ఒక చిన్న చెరువు మిగిలాయి. కానీ ఆ చెరువులు ఎవరివో చెప్పే పట్టా ఒక్కటీ లేదు. పట్టా లేని చెరువుకి బ్యాంకు అప్పివ్వదు. బీమా వాళ్ళు రారు. తగువొస్తే పోలీసుల దగ్గరికి వెళ్ళడానికి భయం, వెళ్తే ముందు ఈ చెరువు ఎక్కడిదని అడుగుతారు. ఇలాంటి చోట పనులు జరగాలంటే మనిషి కావాలి. ఆ మనిషి తాతాజీ.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు పక్కన తాతాజీ కమిషన్ దుకాణం, దాని వెనక షెడ్డు. మేత అతనే అప్పిస్తాడు, చేప అతనికే వెయ్యాలి. ఐసు ఫ్యాక్టరీలో అతనికి వాటా ఉంది. వల లాగే కూలీల ముఠాలు అతని మాట మీద కదులుతాయి. ఎవడైనా మేత తీసుకుని చేప ఇంకొకరికి వేస్తే అతను కోర్టుకి వెళ్ళడు, వాళ్ళ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటాడు. అరవడు, తిట్టడు. కాఫీ ఇస్తే తాగుతాడు. సాయంత్రానికి ఆ ఇంటివాళ్ళే దారికొస్తారు. అలాగని చెడ్డవాడని అనడానికీ లేదు. పురుటి కేసైనా, పాము కరిచినా ఏలూరు ఆసుపత్రికి కారు పంపేది అతనే. జగ్గారావు పోయినప్పుడు బియ్యం బస్తా పంపింది అతనే. అచ్చాయమ్మ ఆ బియ్యాన్ని కూడా అనుమానించింది. అయినా వండింది.

తాతాజీ కాకుండా ఆకివీడు వైపు నుంచి ఒకరిద్దరు చిన్న వ్యాపారులు వచ్చేవారు. ఎక్కువ కొనేవారు కాదు. కానీ వాళ్ళు గట్టు మీద కనిపిస్తే చాలు, తాతాజీ రేటు కాస్త కదిలేది.

ఇదంతా తెలిసిన ఊరు కంపెనీ మాటలకి కరిగిపోయిందంటే ఆశ్చర్యం లేదు. అరుగు మీద కూర్చునే మనిషికి బదులు ఫోన్‌లో కనిపించే రేటు ఎవరికి చేదు? పెద్ద చెరువు తరఫున గంగరాజు వారం తిరక్కుండా సంతకం పెట్టాడు. ఆడవాళ్ళ చెరువు దగ్గరే సంతకం ఆగింది.

గ్రూపులో అచ్చాయమ్మ మాటకి ఎంత విలువుందో విక్టోరియా మాటకీ అంతే ఉంది. విక్టోరియాది చర్చి వీధి. నలుగురిలో నవ్వుతూ తిరిగే మనిషి. ఇద్దరూ కలిసి వలలు అల్లారు, కలిసి మేత బస్తాలు మోశారు, జగ్గారావు వాయిదాల రోజుల్లో అచ్చాయమ్మ పిల్ల విక్టోరియా ఇంట్లోనే తిని పడుకునేది.

"అక్కా, ఆ అబ్బాయి మంచోడే. నేను మాట్లాడాను," అంది విక్టోరియా.

"మంచోడే. మంచోణ్ణి ముందుకి పంపించి వెనకాల ఎవరున్నారో అని నా భయం."

"వెనకాల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. అలాగని మనం ముందుకి పోకూడదా?"

ఆ మాట కాదనలేక అచ్చాయమ్మ వేలిముద్ర కాకుండా, నేర్చుకున్న సంతకం పెట్టింది.

మొదటి పంట బ్రహ్మాండంగా వచ్చింది. బొచ్చె, శీలావతి చేపలు బాగా ఎదిగాయి. కంపెనీ లారీ అన్న రోజుకి వచ్చింది. తూకం మిషన్ మీద అంకెలు అందరికీ కనిపించాయి. రేటు తాతాజీ ఇచ్చేదానికన్నా మెరుగు. ఊళ్ళో రెండు ఇళ్ళకి స్లాబులు పడ్డాయి. గంగరాజు తళతళలాడే మోటారుసైకిలు మీద తిరిగాడు. ఆకివీడు వైపు చిన్న వ్యాపారులు ఒకసారి వచ్చి చూసి, చేపంతా కంపెనీకి రాసేసుకున్నారని తెలిసి మళ్ళీ రాలేదు. వాళ్ళు రానందుకు ఎవరూ బెంగ పెట్టుకోలేదు.

"ఇప్పుడేమంటావు వదినా?" అన్నాడు గంగరాజు నలుగురిలో.

మంచి జరిగినకొద్దీ అచ్చాయమ్మకి కుదురు తప్పింది. ఏదో సరిపడడం లేదు. అదేమిటో చాలాకాలం ఆమెకే అందలేదు. చివరికి ఒక రోజు ఏలూరు నుంచి బస్సులో వస్తుంటే కిటికీలోంచి తాతాజీ దుకాణం కనబడింది. తాతాజీ ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని కిళ్ళీ నములుతున్నాడు. బస్సు ఆగినప్పుడు ఆమెని చూసి చెయ్యెత్తి పలకరించాడు, నవ్వాడు.

అప్పుడు అందింది ఆమెకి. చుట్టుపక్కల లంకల్లో సగం చేప ఆ మనిషి చేతిలోంచి జారిపోయింది. ఒక్క అరుగు మీదైనా వచ్చి కూర్చోలేదు. పాత బాకీ తీర్చమని ఒక్కరి గుమ్మం తొక్కలేదు. ఐసు ఆపలేదు, కూలీలని ఆపలేదు. ఎదురుపడితే నవ్వుతున్నాడు.

కోపం ఎందుకు రాలేదు ఈయనకి?

మర్నాడు ఆమె వల మరమ్మతుకి దారం కావాలన్న వంకతో ఆ దుకాణానికి వెళ్ళింది. తాతాజీ లోపల ఫోన్‌లో ఉన్నాడు. గుమాస్తా దారం వెతుకుతుంటే ఆమె నీళ్ళు తాగే నెపంతో వెనక షెడ్డు వైపు నడిచింది. షెడ్డులో ఒక మూల టార్పాలిన్ కప్పి ఉంది. గాలికి దాని అంచు లేచి పడుతోంది. కింద ఆకుపచ్చ ట్రేలు, ఒకదాని మీద ఒకటి పేర్చి, షెడ్డు కప్పు దాకా. కంపెనీ లారీలో వచ్చే ట్రేలే. కంపెనీ పేరుతో సహా.

"ఏం చెల్లెమ్మా, ఇటొచ్చావు?" వెనకనుంచి తాతాజీ గొంతు.

"నీళ్ళ కోసమండి."

"కుండ ఇటుంది," అన్నాడు. తనే గ్లాసు ముంచి ఇచ్చాడు. ఆమె ఆ నీళ్ళు తాగింది. అతను టార్పాలిన్ వైపు చూడనైనా చూడలేదు. చూసి కంగారు పడినా ఆమెకి అంత భయం వేసేది కాదు.

ఊరికొచ్చి గంగరాజుకి చెప్పింది. అతను తేలిగ్గా తీసుకున్నాడు. "కంపెనీకి ఏలూరులో జాగా చాలక షెడ్డు అద్దెకి తీసుకున్నారేమో వదినా. అందులో ఏముంది?"

"అయితే ఆ సంగతి మనకెందుకు చెప్పలేదు?"

"ప్రతి ట్రే సంగతీ మనకి చెప్తారా?"

ఆ మాట సమంజసంగానే ఉంది. అక్కడే ఆగి ఉంటే సరిపోయేది. కానీ అచ్చాయమ్మ చూపు వాకిట్లో మెరుస్తున్న మోటారుసైకిలు మీద పడింది. ఆ ఆదివారం సొసైటీ మీటింగులో అందరి ముందూ అనేసింది: "మా మరిదికి కొత్త బండి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమనండి. ఎవరిచ్చారో చెప్పమనండి. అప్పుడు నేను కూర్చుంటాను."

గంగరాజు మొహం నల్లబడింది. అతని భార్య నాగదుర్గ లేచి బయటికి వెళ్ళిపోయింది. గంగరాజు ఏమీ చెప్పలేదు. చెప్పనందుకు అచ్చాయమ్మ అనుమానం గట్టిపడింది.

ఇంటికి వెళ్ళే దారిలో విక్టోరియా ఆమెని ఆపింది. "అక్కా, నీకు ట్రేలు కనపడ్డాయి, నిజమే అనుకుందాం. దానికీ మీ మరిదికీ ఏంటి సంబంధం? నీకు మనుషులు కనపడరా, అనుమానాలే కనపడతాయా? రేపు నన్ను కూడా అంటావా?"

అననని చెప్పాలనుకుంది అచ్చాయమ్మ. ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణం విక్టోరియా చూసింది. తిరిగి వెళ్ళిపోయింది.

ఆ తరవాత నెలలు ఇద్దరూ చెరువు దగ్గర కలిసే పని చేశారు గానీ పనికి కావలసిన మాటలే మాట్లాడుకున్నారు. నాగదుర్గ కుళాయి దగ్గర ఎదురైతే బిందె ఎత్తుకుని వెళ్ళిపోయేది.

రెండో పంట పట్టుబడికి దగ్గరపడింది. అప్పుడు వాయుగుండం పట్టింది. రోజుల తరబడి మబ్బు. ఎండ పొడ లేదు. కరెంటు వచ్చీ పోయీ, చివరికి పోయి ఊరుకుంది. ఏరేటర్లు ఆగిపోయాయి. ఒక తెల్లవారుజామున గట్టు మీదకెళ్ళిన అచ్చాయమ్మకి నీళ్ళ మీద చిటపట చినుకులు పడుతున్న చప్పుడు వినబడింది. చినుకులు పడడం లేదు. చేపలు. నీటి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. పెద్ద చెరువులోనూ అదే పరిస్థితి.

చేప తేలిందంటే ఆ రోజే పట్టెయ్యాలి, లేదా పారబొయ్యాలి. ఇది కొల్లేట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. గంగరాజు ఫోన్‌లో కంపెనీ యాప్ తెరిచి లారీ కోసం నొక్కాడు. ఆ వారమంతా ఖాళీ లేదని వచ్చింది. మళ్ళీ నొక్కాడు. ఫణికిరణ్‌కి ఫోన్ చేశాడు. చాలాసేపటికి ఎత్తాడు ఆ అబ్బాయి. గొంతులో నిద్రమత్తు లేదు, ఏడుపులాంటిదేదో ఉంది.

"బాబాయ్ గారూ, ఈ నెల నుంచి మీ ఏరియా నా చేతిలో లేదండి. లోకల్ పార్టనర్‌కి ఇచ్చేశారండి. నేను చెప్పాలనే అనుకున్నాను..."

"ఎవరండీ పార్టనర్?"

ఆ అబ్బాయి పేరు చెప్పేలోపే గట్టు మలుపులో లారీ హారన్ వినబడింది. లారీ కంపెనీదే. ఆకుపచ్చ ట్రేలు కంపెనీవే. ముందు సీట్లోంచి పంచె ఎత్తి పట్టుకుని బురదలోకి దిగినవాడు తాతాజీ.

అతను చెరువు వైపు చూసి, నాలిక చప్పరించి, "అయ్యయ్యో, ఎంత కష్టం వచ్చిందిరా గంగరాజూ," అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. ఆ జాలిలోనే రేటు చెప్పాడు. మామూలు రోజుల్లో కుక్కలకి వేసే చేపకి కూడా అంతకంటే ఎక్కువ పలుకుతుంది.

"ఫోన్‌లో రేటు అది కాదు గదండీ," అన్నాడు గంగరాజు.

"ఫోన్‌లోది ఆరోగ్యంగా ఉన్న చేపకి నాయనా. సంతకం పెట్టిన కాగితంలో ఉంది, చదువుకోలేదా? నాణ్యత తగ్గితే రేటు పార్టనరు చూసి చెప్తాడని."

గంగరాజు ఆకివీడు వ్యాపారులకి ఫోన్ చేశాడు. ఒకతను ఆ వ్యాపారం మానేసి కిరాణా కొట్టు పెట్టుకున్నానన్నాడు. ఇంకొకతని నెంబరు పనిచెయ్యలేదు. గంగరాజు ఫోన్ జేబులో పెట్టుకుని గట్టు మీద అలాగే కూలబడ్డాడు. పెద్ద చెరువులోకి తాతాజీ కూలీలు వలతో దిగారు.

అచ్చాయమ్మ చిన్న చెరువు దగ్గరికి పరిగెత్తింది. విక్టోరియా అప్పటికే నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంది.

"విక్టోరియా, మీ అక్క సలోమి తాడేపల్లిగూడెంలో చేపలు అమ్ముతుంది గదా."

"అమ్ముతుంది. బుట్టలతో అమ్ముతుంది అక్కా, లారీలతో కాదు."

"ఎన్ని బుట్టలైతే అన్ని బుట్టలు. ఫోన్ చెయ్యి. నేను ఆటోలు చూస్తాను."

విక్టోరియా ఆమె మొహంలోకి చూసింది. ఇన్ని నెలల తరవాత సూటిగా చూడడం అదే. "చేస్తాను," అంది.

ముఠా కూలీలు రారు కాబట్టి గ్రూపు ఆడవాళ్ళే వల లాగారు. ఐసు ఫ్యాక్టరీ వాడు ఇవ్వలేనన్నాడు, ఎందుకని అడిగితే తల దించుకున్నాడు. ఉంగుటూరులో పాల కేంద్రం పక్కన ఒకతను ఐసు అమ్ముతాడని ఆటో డ్రైవరు చెప్తే దారిలో అక్కడ ఆపి వేసుకున్నారు. తాడేపల్లిగూడెం చేరేసరికి పొద్దెక్కింది. సలోమి మార్కెట్టు బయట రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి, తన తోటి ఆడవాళ్ళని నలుగురిని పోగుచేసి సిద్ధంగా ఉంది. "మీది లంక చేపేనా? అయితే అరవండి, కొల్లేటి చేప అని అరవండి," అంది. అచ్చాయమ్మ జన్మలో అరిచి ఏదీ అమ్మలేదు. ఆ రోజు అరిచింది. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. తెచ్చిందంతా అమ్ముడైంది.

కానీ తెచ్చింది చెరువులో సగం కూడా కాదు. మిగతాది వాళ్ళు తిరిగి వెళ్ళేసరికి కొంత చచ్చి తేలింది, బతికి ఉన్నది తాతాజీ లారీకే వెయ్యాల్సి వచ్చింది, అతను చెప్పిన రేటుకే.

నాలుగు రోజులు పోయాక కంపెనీ అప్పుగా ఇచ్చిన మేత బాకీ సంగతి తేల్చుకోవడానికి అచ్చాయమ్మ, విక్టోరియా తాతాజీ దుకాణానికి వెళ్ళారు. ఇప్పుడు ట్రేల మీద టార్పాలిన్ లేదు. దుకాణం బోర్డు మీద పాత పేరు కింద కంపెనీ పేరు కొత్తగా రాయించారు.

తాతాజీ ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. "సగం చేప తాడేపల్లిగూడెంలో అమ్ముకున్నారట. కాగితం ప్రకారం అంతా మాకే రావాలి గదమ్మా."

"కాగితం పట్టుకుని ఏ కోర్టుకి వెళ్తారండి?" అంది అచ్చాయమ్మ. "మా చెరువుకి పట్టా లేదు. లేని చెరువులో చేప మీద మీరు దావా ఎలా వేస్తారు?"

తాతాజీ గట్టిగా నవ్వాడు. మనస్ఫూర్తిగా నవ్వాడు. "అదేనమ్మా! ఆ ముక్క నువ్వు చెప్పావు, వాళ్ళ పెద్ద పెద్ద ఆఫీసర్లకి నేను చెప్పాల్సొచ్చింది. మీ కంపెనీ అబ్బాయి మీటింగు పెట్టడానికి ముందే వాళ్ళు నా దగ్గరికి వచ్చారు. ఇక్కడ కాగితం నడవదు, మనిషి నడుస్తాడు అన్నాను. మొదటి ఏడు మంచి రేటు ఇవ్వండి, చిన్నా చితకా వ్యాపారులు వాళ్ళంతట వాళ్ళే పోతారు అన్నాను."

"మా గురించి ఇంతగా తెలిసినవారు, మాకు ఎందుకు చెప్పలేదండీ?" అంది విక్టోరియా.

"నేను ఒప్పుకోకపోతే వాళ్ళు ఇంకొకణ్ణి చూసుకునేవారు తల్లీ. అప్పుడు నా గతేంటి? మీ ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే కారు ఎవరు పంపిస్తారు?"

అతను అది బెదిరింపుగా అన్నాడో, మామూలుగా అన్నాడో అచ్చాయమ్మకి తెలియలేదు. అతనికీ తెలియదేమో. మేత బాకీలో సగం ఇప్పుడు, సగం వచ్చే పంటకి అని తేల్చుకుని లేచారు. గుమ్మం దగ్గర విక్టోరియా ఆమె చెయ్యి పట్టుకుంది. వదలకుండా బస్సు ఎక్కేదాకా పట్టుకునే ఉంది.

ఫణికిరణ్ ఉద్యోగం మానేసి ఊళ్ళోకి ఒకసారి వచ్చాడు. తనకి పార్టనర్ సంగతి ముందు తెలియదన్నాడు, అందరి ముందూ చేతులు జోడించాడు. చాలామంది నమ్మారు. అచ్చాయమ్మ అతనికి మజ్జిగ ఇచ్చి పంపింది. నమ్మిందో లేదో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అచ్చాయమ్మకి అసలు కష్టం గంగరాజు ఇంటికి వెళ్ళడం దగ్గరే వచ్చింది. మోసపోయినవాళ్ళలో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది అతనే. ఊరందరి చేతా సంతకాలు పెట్టించానన్న బాధతో అతను వీధిలోకి రావడం మానేశాడు. మోటారుసైకిలు సంగతి ఆమెకి విక్టోరియా ద్వారా తెలిసింది. నాగదుర్గ అన్నయ్యది జంగారెడ్డిగూడెం, పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గర పని. అతను తన పాత బండి చెల్లెలికి ఇచ్చేస్తే గంగరాజు దానికి కొత్త రంగు వేయించాడు. పుట్టింటివాళ్ళిచ్చిన పాత బండి అని పదిమందిలో చెప్పుకోవడం చిన్నతనమనిపించి ఊరుకున్నాడు. అంతే.

అచ్చాయమ్మ ఒక సాయంత్రం వెళ్ళి వాళ్ళ గుమ్మం బయటే నిలబడింది. నాగదుర్గ తలుపు దగ్గరికొచ్చి చూసి, రమ్మనలేదు, పొమ్మనలేదు.

"నేను తప్పు మాట అన్నాను నాగదుర్గా. నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే తప్పయిందని చెప్తాను. ముందు నీకు చెప్దామని వచ్చాను."

లోపల మంచం మీదనుంచి గంగరాజు లేచి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. "వదినా, నన్ను అనుమానించావు, సరే. ట్రేల సంగతి నువ్వు చెప్పినప్పుడు నేను కొట్టిపారేశాను. ఆ బండి గోల ఎత్తకుండా ఆ ట్రేల గోలే ఊరంతా ఎత్తి ఉంటే, ఒక్కరైనా వెళ్ళి చూసేవారు గదా. నన్ను దొంగని చేసేసరికి అందరూ నా పక్క చేరారు, ట్రేలని మర్చిపోయారు."

ఆమెకి అది చెంపదెబ్బలా తగిలింది. అవును. తన అనుమానంలో నిజం ఉంది. ఆ నిజాన్ని తనే ఇంకో అనుమానం కింద పాతిపెట్టేసింది.

"లోపలికి రా అక్కా," అంది నాగదుర్గ చివరికి. "నిలబడే ఉంటావా?"

ఊరు పూర్తిగా బాగుపడిందని చెప్పడానికి లేదు. పెద్ద చెరువు చేప ఈ రోజుకీ తాతాజీ లారీలోకే పోతోంది. మేత అప్పు అలాంటిది. అయితే ఆడవాళ్ళ చెరువు తవుడూ, గానుగ చెక్కా కలిపిన మేతతో సొంతంగా నడుస్తోంది, చేప కాస్త ఆలస్యంగా ఎదుగుతుంది. ఎదిగినప్పుడు అంతా ఒక్కసారి పట్టరు, కొంచెం కొంచెంగా పట్టి ఆటోల్లో తాడేపల్లిగూడెం పంపుతారు. ఐసు ఉంగుటూరు నుంచే. ఒకసారి ఆ ఐసతను కూడా ఇవ్వనన్నాడు, రెండు వారాలకి మళ్ళీ ఇచ్చాడు. మధ్యలో ఏం జరిగిందో అతను చెప్పలేదు. అచ్చాయమ్మ అడగలేదు గానీ, అప్పటినుంచి ఏలూరులో ఇంకో ఐసు కొట్టుని కూడా చూసిపెట్టింది.

తరవాత జంగారెడ్డిగూడెం సంతలో కూడా అమ్మి చూద్దామన్న మాట వచ్చింది. మెట్ట ఊరు, మంచినీటి చేపకి గిరాకీ ఉంటుందని నాగదుర్గ అన్నయ్య కబురు పెట్టాడు. ఎవరు వెళ్ళాలి? అంత దూరం చేప వేసుకుని పోయి, బేరమాడి, డబ్బు తెచ్చి అందరికీ పంచాలి. గ్రూపు ఆడవాళ్ళు అచ్చాయమ్మ వైపు చూశారు. తనే వెళ్తానంటుందని అందరికీ తెలుసు.

"మా మరిది వెళ్తాడు," అంది ఆమె. "అక్కడ వాళ్ళ బావమరిది ఉన్నాడు. మనిషికి పని కావాలి."

ఆ ఉదయం ఆటోలు పోయాక అచ్చాయమ్మకి ఇంట్లో ఏ పనీ సాగలేదు. వల ముందేసుకుని ఒక్క కన్ను కూడా అల్లలేకపోయింది. మధ్యాహ్నం దాటాక గంగరాజు ఫోన్ చేశాడు. అంతా అమ్మేశానని, రేటు ఇంత పలికిందని చెప్పాడు. బాగుందంది. ఫోన్ పెట్టేసింది. తరవాత సలోమికి ఫోన్ చేసి, జంగారెడ్డిగూడెంలో ఈ రోజు శీలావతి ఎంతకి పోయిందో కాస్త కనుక్కోమంది. సలోమి ఎవరినో అడిగి చెప్పింది. గంగరాజు చెప్పిన రేటే.

చీకటి పడకముందే గంగరాజు వచ్చాడు. ఖాళీ బుట్టలు దింపించి, డబ్బు విక్టోరియా చేతికిచ్చి, అచ్చాయమ్మ పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"సంతలో సలోమి తరఫువాళ్ళు శీలావతి రేటు కనుక్కుంటుంటే చూశాను. నువ్వే సలోమిని అడిగావు గదా వదినా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు ఆమెకి. "అడిగాను."

గంగరాజు తల ఊపాడు. బూటు బురద గడ్డి మీద రాసుకున్నాడు.

"మంచిది. ప్రతిసారీ అడుగు. నాకు తెలిసేలాగే అడుగు," అన్నాడు. విక్టోరియా వైపు తిరిగి, వచ్చే వారం శీలావతి కంటే బొచ్చె ఎక్కువ పంపితే బాగుంటుందని, అక్కడ పెళ్ళిళ్ళున్నాయని చెప్పడం మొదలుపెట్టాడు.